సీసీ కెమెరా సాక్ష్యంతో పడిన హత్య శిక్ష: అప్పీలుపై పాఠకుల ప్రశ్నలు

కెమెరా దృశ్యాలే ప్రధాన ఆధారంగా యావజ్జీవం పడిన కేసుల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఊళ్లు మాత్రమే ఉంచి, పేర్లు తీసేసి జవాబులిస్తున్నాం. ఒక మాట ముందే చెప్పాలి. హైకోర్టు అప్పీలులో కేసు మళ్లీ మొదటి నుంచి నడవదు. కింది కోర్టులో రికార్డయిన వాంగ్మూలాలు, మార్కయిన (కోర్టు నంబరు వేసి సాక్ష్యంగా తీసుకున్న) కాగితాలు, వస్తువుల మీదే వాదన సాగుతుంది. అందుకే ప్రతి జవాబులోనూ కాగితాల గురించి ఇంతగా చెప్పాల్సి వచ్చింది.

ప్రశ్న: మా తమ్ముడికి హత్య కేసులో సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది. కిరాణా కొట్టు కెమెరాలో వాడి బండి కనబడిందన్నదే పెద్ద సాక్ష్యం. తీర్పు వచ్చి 20 రోజులైంది. లాయరుకు ఇచ్చుకునే స్తోమత లేదు. ముందు ఏం చెయ్యాలండీ? (తెనాలి)

జవాబు: ముందు గడువు చూసుకోండమ్మా. యావజ్జీవం మీద హైకోర్టుకు అప్పీలు 60 రోజుల్లో వెయ్యాలి. మరణశిక్ష అయితే 30 రోజులే. తీర్పు సర్టిఫైడ్ కాపీ కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది సిద్ధమయ్యే వరకు పట్టిన కాలం ఆ 60లోకి రాదు. అలాగని ఆ వెసులుబాటును నమ్ముకుని కూర్చోకండి. గడువు దాటినా కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, ఆ పిటిషను తేలేదాకా అప్పీలు ఫైలుకు ఎక్కదు. శిక్ష పడిన మనిషికి తీర్పు కాపీ ఒకటి ఉచితంగా ఇవ్వాలన్నది చట్టమే. మీ తమ్ముడి చేతికి అందిందో లేదో ములాఖత్‌లో అడగండి.

డబ్బు గురించి దిగులు పడకండి. జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. 15100కు ఫోన్ చేయవచ్చు. జైలు సూపరింటెండెంటుకు దరఖాస్తు ఇస్తే ఆయనే అప్పీలును హైకోర్టుకు పంపుతారు, అక్కడి న్యాయ సేవల కమిటీ లాయరును పెడుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 374(2), దాని స్థానంలో వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్‌లో 415(2) ఈ అప్పీలు సెక్షన్లు. ఏది రాయాలన్న మీమాంస రాకుండా రెండూ పక్కపక్కన రాయించండి.

ఇక అందరూ మరిచిపోయే పని ఒకటుంది. తీర్పు చివరి పేజీ చూడండి. ‘ఎం.ఓ.1 నుంచి 9 వరకు వస్తువులను అప్పీలు గడువు ముగిశాక ధ్వంసం చేయవలెను’ అన్న తరహా వాక్యం ఉంటుంది. ఎం.ఓ. అంటే కేసులో మార్కయిన వస్తువు. ఆ వస్తువుల్లోనే పెన్‌డ్రైవో డీవీఆరో (కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టె) ఉండొచ్చు. అది పోతే, దృశ్యాలు మళ్లీ పరీక్షకు పంపమని హైకోర్టును అడిగే దారి మూసుకుపోతుంది. అప్పీలు వేసిన సంగతి తెలుపుతూ, దాన్ని భద్రపరచమని కింది కోర్టులో మెమో దాఖలు చేయించండి. హైకోర్టులోనూ అదే కోరుతూ ఒక పిటిషను వెయ్యండి. దృశ్యాల క్లోన్ కాపీ (ఉన్నదున్నట్టు తీసిన నకలు) కూడా అడగండి. మెమరీ కార్డులోని సమాచారం డాక్యుమెంటే అవుతుందని, బాధితుల ఏకాంతానికి భంగం కలిగించే సందర్భాల్లో తప్ప నిందితుడికి దాని కాపీ దక్కాలని 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కేరళ నుంచి వచ్చిన కేసది.

ఇవి కాక చార్జిషీటు, సాక్షులందరి వాంగ్మూలాలు క్రాస్‌తో సహా, డీవీఆర్ స్వాధీనం చేసుకున్నప్పటి మధ్యవర్తుల నివేదిక (పంచనామా), దృశ్యాల కాపీ ఏ పరికరం నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే 65బి సర్టిఫికెట్ ఉంటే అది, ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు, ల్యాబ్‌కు పోలీసులు రాసిన లేఖ, 313 స్టేట్‌మెంటు (సాక్ష్యాల గురించి జడ్జి అడిగితే ముద్దాయి చెప్పిన జవాబులు) సేకరించండి. కింది కోర్టు లాయరు దగ్గరున్న ఫైలును తప్పకుండా తీసుకోండి. రికార్డులో స్పష్టంగా లేని విషయాలు ఆయన చేతిరాత నోట్సులో దొరకవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారి కేసు విచారణ 2019లో జరిగింది. అపార్టుమెంటు కెమెరా దృశ్యాలను పోలీసులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మార్క్ చేయించారు. 65బి సర్టిఫికెట్ లేదు. మా లాయరుగారు అప్పుడు అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడు హైకోర్టులో లేవనెత్తితే శిక్ష కొట్టేస్తారా? (నల్గొండ)

జవాబు: లేవనెత్తవచ్చు, లేవనెత్తాలి కూడా. కానీ ఆ ఒక్క పాయింటుతో శిక్ష పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మొదట ఏ చట్టం వర్తిస్తుందో చూడాలి. 2024 జూలై 1 నాటికే మొదలై ఉన్న కేసులకు పాత సాక్ష్య చట్టమే నడుస్తుందని కొత్త చట్టం 170వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి మీది 65బి కేసే. కొత్త చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్‌కు రెండు భాగాలుంటాయి. పరికరం బాధ్యత చూసేవారు ఒకటి, నిపుణుడు ఒకటి సంతకం చెయ్యాలి. ఫైలు హ్యాష్ విలువ (ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంకేతం), అది ఏ పద్ధతిలో తీశారన్నదీ రాయాలి. పాత కేసులో హ్యాష్ లేదని గొడవ చేస్తే ‘అప్పట్లో చట్టం అడగలేదు’ అనే జవాబు వస్తుంది. దాన్ని సాక్ష్యం నమ్మదగినదా అన్న వాదనకు వాడుకోండి, చెల్లదన్న వాదనకు కాదు.

తర్వాత రికార్డులో ఒక విషయం వెతకండి. డీవీఆరే నేరుగా కోర్టుకు వచ్చిందా? దాని యజమాని బోనెక్కి ‘ఇది మాదే, దీంట్లోనే రికార్డయింది’ అన్నారా? అలా జరిగి ఉంటే అది అసలు సాక్ష్యం, సర్టిఫికెట్ అక్కర్లేదు. మీ పాయింటు అక్కడితో ఆగిపోతుంది. పెన్‌డ్రైవ్ ఒక్కటే వచ్చి ఉంటే మీ వాదనకు బలం ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకెళ్లిన కానిస్టేబులో సీఐయో ఇచ్చే సర్టిఫికెట్ కూడా నిలబడదు. ఆ పరికరం నిర్వహణ చూసే బాధ్యుడు, అంటే మీ కేసులో సొసైటీ కార్యదర్శి లాంటివారు, ఇవ్వాలి.

ఇప్పుడు తీర్పులు. 2014 సెప్టెంబరు 18న అన్వర్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి, సర్టిఫికెట్ లేని ఎలక్ట్రానిక్ కాపీని సాక్ష్యంగా చూడరాదంది. 2018లో ఇద్దరు జడ్జీల బెంచి కొంత సడలించింది. 2020 జూలై 14న అర్జున్ పండిత్‌రావు కేసులో మళ్లీ ముగ్గురు జడ్జీలు ఆ సడలింపును తోసిపుచ్చి అన్వర్‌నే నిలబెట్టారు. ఆ వివాదం కూడా కెమెరాదే. మహారాష్ట్రలోని జాల్నాలో మధ్యాహ్నం 3 గంటల గడువు దాటాక నామినేషన్ పత్రాలు అందాయా అన్నది రిటర్నింగ్ అధికారి ఆఫీసు వీడియో మీద ఆధారపడింది.

ప్రాసిక్యూటరు మీ ఎదుట పెట్టేది 2017 నాటి సోనూ కేసు. హర్యానా నుంచి వచ్చిన ఆ కేసులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు రాసిన తీర్పు ప్రకారం, సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరం రుజువు చేసే పద్ధతికి సంబంధించింది. దాన్ని విచారణలోనే చెప్పాలి, అప్పుడైతే ప్రాసిక్యూషన్ ఆ లోటు సరిదిద్దుకునేది. అప్పీలులో తొలిసారి చెబితే కుదరదు. ఈ గోడను దాటడానికి మీకు మూడు ఆసరాలున్నాయి. ఒకటి, మీ విచారణ 2019లో జరిగింది. అన్వర్ తీర్పు వచ్చి అప్పటికి ఐదేళ్లు కావస్తోంది, చట్టం తెలియదనే అవకాశం ప్రాసిక్యూషన్‌కు లేదు. రెండు, 2025 జనవరిలో ముగ్గురు జడ్జీల బెంచి ఇచ్చిన ముంబై కుర్లా టెర్మినస్ తీర్పు. మన మచిలీపట్నం అమ్మాయి 2014లో హతమైన కేసు అది. కింది కోర్టు మరణశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. స్టేషన్ కెమెరా దృశ్యాలకు సర్టిఫికెట్ లేదని సుప్రీంకోర్టు వాటిని పక్కన పెట్టింది. ఇద్దరినీ కలిసి చూశామన్న సాక్షులు, బయటివారి దగ్గర చేశాడన్న ఒప్పుకోలు నమ్మదగినవిగా లేవని ముద్దాయిని విడుదల చేసింది. ఆ కుటుంబానికి అది ఎంత కోతో వేరే చెప్పాలా. ఒక్క కాగితం సకాలంలో తీసుకోకపోతే ఏమవుతుందో పోలీసు శాఖలన్నీ ఆ తీర్పులో చదువుకోవాలి.

మూడోది మీ రికార్డులోనే దొరకవచ్చు. పెన్‌డ్రైవ్ మార్క్ చేసిన చోట ‘రుజువుకు లోబడి’ అనో ‘అభ్యంతరానికి లోబడి’ అనో చిన్న మాట రాసి ఉందా? సీఐని క్రాస్ చేసినప్పుడు ‘సర్టిఫికెట్ తీసుకోలేదు’ అన్న ఒప్పుకోలుగానీ, ‘దృశ్యాలు మార్చారు’ అన్న సూచనగానీ ఒక్క వాక్యమైనా ఉందా? అలాంటి వాక్యం ఉంటే అభ్యంతరం అప్పట్లోనే చెప్పామని వాదించవచ్చు. ప్రతి పేజీ వేలు పెట్టి చదవండి.

ఇంత చేశాక మిగిలే అసలు ప్రశ్న ఇది: దృశ్యాలు తీసేస్తే కేసులో ఇంకేం ఉంది? తమిళనాడు నుంచి వచ్చిన ఒక బాలుడి కిడ్నాప్, హత్య కేసులో 2023 మార్చిలో సుప్రీంకోర్టు సర్టిఫికెట్ లేని కాల్ డేటాను లెక్కలోకి తీసుకోలేదు. అయినా మిగతా సాక్ష్యం చాలని శిక్షార్హతను నిలబెట్టింది, మరణశిక్షను మాత్రం తగ్గించింది. మీ నాన్నగారి తీర్పు తీసుకుని దృశ్యాల ప్రస్తావన ఉన్న ప్రతి పేరా మీద పెన్సిలు గీత పెట్టండి. గీత పడని పేరాల్లో రక్తం మరకల బట్టలు, ఆయుధం స్వాధీనం, కళ్లారా చూసిన సాక్షి ఉంటే, వాటి మీదే ఎక్కువ శ్రమ పెట్టాలి.

ప్రశ్న: నేను జూనియర్ న్యాయవాదిని. మా అప్పీలు కేసులో సర్టిఫికెట్ ఉంది, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. కానీ కెమెరాలో సమయం, సాక్షులు చెప్పే సమయం పొంతన లేవు. మనిషి కూడా మసకగా ఉన్నాడు. దీన్ని ఎలా వాదించాలి? (కరీంనగర్)

జవాబు: సర్టిఫికెట్ ఉంటే ఆ దృశ్యం కోర్టులోకి రావడానికి అర్హత వస్తుంది, అంతే. అది ఎంత నమ్మదగినదన్నది వేరే వాదన. మా లెక్కలో నిజమైన కెమెరా అప్పీళ్లు ఇక్కడే గెలుస్తాయి, ఇక్కడే చాలామంది తొందరపడి రెండు లైన్లతో సరిపెడతారు.

సమయంతో మొదలుపెట్టండి. డీవీఆర్‌లో గడియారం దానంతట అది నడుస్తుంది. ఇంటర్నెట్‌కు కలపని కొట్టు డీవీఆర్ నెలల తరబడి సరిచేయకపోతే నిమిషాల కొద్దీ తేడా వస్తుంది. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. చైనా టైమ్ జోన్‌లోనే వదిలేసి నెట్‌కు కలిపితే మన సమయం కన్నా సరిగ్గా 2 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. మీ తేడా రెండున్నర గంటలకు దగ్గరగా ఉంటే ముందు దీన్నే అనుమానించండి.

దర్యాప్తు అధికారి చెయ్యాల్సింది చిన్న పని. డీవీఆర్ తీసుకునేటప్పుడు తెర మీది సమయం, ఆ క్షణాన అసలు సమయం రెండూ మధ్యవర్తుల నివేదికలో రాయాలి. తెర మీద 9:42, అసలు 9:31 అని ఉంటే యంత్రం 11 నిమిషాలు ముందుందని తెలుస్తుంది, దృశ్యాల్లోని ప్రతి సమయంలోంచి 11 తీసెయ్యాలి. ఆ నోట్ లేకపోతే తెర మీది అంకెను గంట కొట్టినట్టు నమ్మడానికి ఆధారం లేదు. చనిపోయిన మనిషి చివరి ఫోన్ కాల్, పోస్టుమార్టం అంచనా, 108కు వెళ్లిన కాల్ ఇవన్నీ రికార్డులో ఉంటాయి. వాటి పక్కన కెమెరా సమయాలు వేసి ఒకే పేజీ పట్టిక చేసి బెంచికి అందించండి. వాదన వినేవారికి ఆ ఒక్క పేజీయే చాలా ఉపకారం.

తర్వాత మనిషి. కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 2014 నాటి కూర్పు ప్రకారం, తెలియని మనిషిని ఫలానా అని గుర్తించాలంటే దృశ్యంలో మీటరు వెడల్పుకు సుమారు 250 పిక్సెళ్లు కావాలి. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125. మనిషి ఉన్నాడని తెలియడానికి 25. కోర్టు దీనికి కట్టుబడి ఉండనక్కర్లేదు గానీ లెక్క సూటిగా ఉంటుంది. 1080పి కెమెరాకు అడ్డంగా 1920 పిక్సెళ్లు. మనిషి నడిచిన చోట అది 20 మీటర్ల వెడల్పు చూపుతుంటే మీటరుకు 96. ముఖం 16 సెంటీమీటర్లనుకుంటే దానికి దక్కేది 15 చుక్కలు. పోలీసులు తక్కువ నాణ్యతలో, 704 పిక్సెళ్ల వెడల్పుతో కాపీ చేసుకుని ఉంటే మీటరుకు 35, ముఖానికి ఐదారు చుక్కలే. ల్యాబ్‌లో ఎంత పెద్దది చేసినా లేని వివరం పుట్టదు. రోడ్డు వెడల్పు ఘటనాస్థలం స్కెచ్‌లో ఉంటుంది కాబట్టి ఈ లెక్కకు కొత్త సాక్ష్యం అక్కర్లేదు.

రాత్రి దృశ్యమైతే ఇంకో సంగతి. ఇన్‌ఫ్రారెడ్‌లోకి మారాక రంగులుండవు. నల్లటి సింథటిక్ చొక్కా తెల్లగానో బూడిదగానో కనబడవచ్చు. ‘దృశ్యంలోని తెల్ల చొక్కాయే స్వాధీనం చేసుకున్నాం’ అని తీర్పులో ఉంటే, ఆ రికార్డింగు నలుపు తెలుపా అన్నది చూడండి.

చివరగా, ఆ మనిషి మీ కక్షిదారేనని చెప్పింది ఎవరు? ముందు నుంచి పరిచయమున్న పక్కింటి సాక్షి చెప్పడం వేరు, అరెస్టు తర్వాతే మొహం చూసిన సీఐ చెప్పడం వేరు. రెండోదానికి విలువ చాలా తక్కువ. దృశ్యాన్ని కోర్టు హాల్లో ఆ సాక్షి ముందు నడిపారా, సీల్ కవరులోనే ఉంచి ‘చూశాను’ అనిపించారా అన్నదీ వాంగ్మూలంలో కనబడుతుంది. ల్యాబ్ రిపోర్టు ‘పోలి ఉన్నాడు’ అంటే, ‘అతడే’ అన్నట్టు తీర్పు రాసిందా చూడండి. ఆ రెండు మాటల మధ్య దూరమే ఒక అప్పీలు గ్రౌండ్.

313 కింద ముద్దాయిని ఈ దృశ్యాల గురించి విడిగా ప్రశ్నించారో లేదో కూడా సరిచూసుకోండి. అడగని విషయాన్ని అతనికి వ్యతిరేకంగా వాడకూడదు. అయితే దానివల్ల నిజంగా నష్టం జరిగిందని చూపాలి, లేకపోతే ఇప్పుడైనా అడగమని హైకోర్టు వెనక్కి పంపవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి హత్య కేసులో ముద్దాయి విడుదలయ్యాడు. కెమెరా దృశ్యాలకు సర్టిఫికెట్ లేదని కోర్టు చూడనే లేదు. ఆ కాగితం ఇప్పుడు మేం తెచ్చి ఇవ్వవచ్చా? (ఖమ్మం)

జవాబు: మీ బాధ మాకర్థమవుతోందండీ. అప్పీలు హక్కు మీకుంది. పాత కోడ్ 372, కొత్తది 413 సెక్షన్ల కింద బాధితుల కుటుంబం నేరుగా అప్పీలు వేయవచ్చు. ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితుల అప్పీలుకు చట్టం విడిగా గడువు రాయలేదు కాబట్టి 60 రోజులు దాటనివ్వకండి. ప్రభుత్వం తరఫున కూడా అప్పీలు వేయమని పబ్లిక్ ప్రాసిక్యూటరుకు అర్జీ ఇవ్వండి.

సర్టిఫికెట్ సంగతి కష్టం. విచారణ ముగిసేలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చని 2020 తీర్పు అంది. విచారణ ముగిశాక అదనపు సాక్ష్యం తీసుకునే 391 సెక్షన్, కొత్తది 432, ఒక్కటే దారి. ప్రాసిక్యూషన్ వదిలేసిన లోపాన్ని పూడ్చడానికే అడుగుతున్నారని ఎదుటివారు గట్టిగా వ్యతిరేకిస్తారు. అందుకే ముందు ఆ డీవీఆర్ ఇంకా ఉందేమో కనుక్కోండి. యజమాని దగ్గరో, కోర్టు ప్రాపర్టీ గదిలోనో పరికరమే ఉంటే, సర్టిఫికెట్ కన్నా ఆ పరికరాన్నీ యజమానినీ పిలిపించమని కోరడం మేలు. విడుదల తీర్పును హైకోర్టు తేలిగ్గా తిరగరాయదు. కింది కోర్టు అభిప్రాయం ఆ సాక్ష్యం మీద అసలు సాధ్యమే కాదని చూపగలగాలి.

ప్రశ్న: ఆ సమయంలో మా అన్న లాడ్జిలో ఉన్నాడు. అక్కడి కెమెరా చూడమని మొత్తుకున్నా పోలీసులు తీసుకోలేదు. ఇప్పుడా రికార్డింగ్ లేదు. (ఒంగోలు)

జవాబు: దీనికి సరిగ్గా సరిపోయేది వారణాసి హోటల్ కేసు. 2010లో ఇటలీ యాత్రికుడు ఒకరు హోటల్ గదిలో మరణిస్తే, తోటి ప్రయాణికులిద్దరికి యావజ్జీవం పడింది. హోటల్లో కెమెరాలుండీ ఆ దృశ్యాలు కోర్టుకు తేలేదు. ఉన్న మేలైన సాక్ష్యాన్ని దాచారంటే అది వారికి వ్యతిరేకంగా ఉంటుందని భావించవచ్చన్న 114(జి) సూత్రాన్ని వాడి 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరినీ విడుదల చేసింది. ఆ తీర్పులో సర్టిఫికెట్ అవసరం గురించిన భాగాన్ని 2020లో తప్పుపట్టారు, దాన్ని మాత్రం ఉటంకించకండి.

ఈ వాదన నిలవాలంటే కెమెరా ఉందనీ, అడిగామనీ రికార్డులో ఉండాలి. సీఐ క్రాస్, లాడ్జి మేనేజరు వాంగ్మూలం, రిమాండు రోజున మేజిస్ట్రేటుకు చెప్పిన మాట, ఏదో ఒకటి. జనం గుమిగూడే సంస్థలు రికార్డింగును 30 రోజులు ఉంచాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. లాడ్జి ఆ చట్టం పరిధిలోకి వస్తే, ఆ 30 రోజుల్లో దర్యాప్తు అధికారి అక్కడికి వెళ్లారా లేదా అన్నది కేసు డైరీ తేదీలతో సరిపోల్చి అడగాలి.

ప్రశ్న: అప్పీలు తేలేదాకా జైల్లోనే ఉండాలా? (మహబూబ్‌నగర్)

జవాబు: శిక్ష నిలుపుదల, బెయిలు కోరవచ్చు. పాత 389, కొత్త 430. హత్య కేసు కాబట్టి ప్రాసిక్యూటరుకు అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చాకే వింటారు. తీర్పు పైపైన చదివినా కనబడే లోపం ఉంటే మొదట్లోనే వెయ్యండి, సర్టిఫికెట్ లేని దృశ్యాలు తప్ప వేరే సాక్ష్యం లేకపోవడం అలాంటి లోపం. లేదంటే 2016లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు యావజ్జీవ ఖైదీల అప్పీళ్ల విషయంలో చెప్పిన కొలమానం ఉంది: శిక్ష పడ్డాక కనీసం 5 ఏళ్లు గడిపినవారు, కొన్ని తరహా హత్యలు మినహా, బెయిలు అడగవచ్చు. పిటిషనుతో పాటు జైలు నుంచి ప్రవర్తన సర్టిఫికెట్, ఎన్నాళ్లు గడిపారో చూపే కస్టడీ సర్టిఫికెట్ జతచేయించండి. ఇవి చేతికి రావడానికి సమయం పడుతుంది, ముందుగానే దరఖాస్తు పెట్టుకోండి.